రక్తం తాగే కుర్రాడి నవలలో పదహారేళ్ళ పిల్లకు కనిపించేది ఏమిటి?

రాత్రిడ్యూటీ అనే మారుపేరుతో ఒకరు అడిగిన ప్రశ్న, దానికి మారుపేర్లతోనే వచ్చిన జవాబులు

నేను హైదరాబాదులో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. దాతల చేతికి సూది గుచ్చడం, గ్రూపు చూడటం, దాత రక్తం రోగికి సరిపడుతుందో లేదో క్రాస్ మ్యాచ్ చేయడం, సంచీలను ఫ్రిజ్‌లో సర్దడం, గడువు తీరినవాటిని రిజిస్టర్లో రాసి పక్కన పెట్టడం నా పని. ఇన్నేళ్ళ తరువాత రక్తం చూస్తే నాకు భయమూ కలగదు, కవిత్వమూ పుట్టదు. లేబుల్ సరిగ్గా అంటించారా లేదా అన్న అనుమానం మాత్రం పుడుతుంది.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఉదయం కాలేజీ బస్సు ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు. అటువంటి పిల్ల మిగిలిన కాస్త సమయంలో ఇంగ్లీషులో ఒక వాంపైర్ నవల పట్టుకుని కూర్చుంటోంది. మనిషి మెడ కొరికి రక్తం తాగే పిశాచాలు ఉంటాయి కదా, ఆ రకం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నది. అట్ట నలుపు, కాగితాల అంచులు కూడా నలుపే. అడిగి తీసుకుని రాత్రి డ్యూటీలో చదివాను. తెల్లవారుజామున ప్రమాదం కేసులేవీ రాకపోతే మా దగ్గర చదువుకోవడానికి వీలుంటుంది.

కథ ఇది. పదిహేడేళ్ళ అమ్మాయిని రెండో అధ్యాయంలోనే ఒకడు కొరుకుతాడు. ఆమె చావదు, మారుతుంది. ఆకలిని తల్లికి తెలియకుండా దాచుతూ, స్కూలుకు వెళుతూ, ఎలుకలతో సరిపెట్టుకుంటూ నెట్టుకొస్తుంది. కొరికినవాడు అందగాడే కానీ మంచివాడు కాడు, ఆ సంగతి రచయిత్రి ఎక్కడా దాచలేదు. చివరికి ఈ పిల్ల తన ప్రాణస్నేహితురాలి రక్తమే తాగుతుంది. స్నేహితురాలు బతకదు. నవల అక్కడ అయిపోయింది. రెండో భాగం ఉందట.

వృత్తిరీత్యా నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి, అవి చెప్పకపోతే నిద్ర పట్టదు. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మేము ఒకసారికి తీసేది 350 మిల్లీలీటర్లు, కాస్త బరువున్నవాళ్ళయితే 450. అదీ హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే. మళ్ళీ ఇవ్వాలంటే మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. నవలలో కుర్రాడు ఒకే మనిషి దగ్గర రోజు విడిచి రోజు తాగుతాడు, ఆ మనిషి మర్నాడు డ్యాన్సు పోటీకి వెళుతుంది! ఇంకోచోట ఆసుపత్రి నుంచి దొంగిలించిన సంచీలను ఏడాదిపాటు నేలమాళిగలో దాచుకుంటాడు. మా దగ్గర వాడే మామూలు సంచీ 2 నుంచి 6 డిగ్రీల మధ్య పెడితే 35 రోజులు నిలుస్తుంది, అంతే. ఏడాది నిలవ ఉన్న రక్తం తాగితే వచ్చేది అమరత్వం కాదు, విరేచనాలు.

ఇవన్నీ చెబితే మా అమ్మాయి నా వైపు జాలిగా చూసి, "అది కాదు నాన్నా విషయం" అన్నది. మరి విషయం ఏమిటో చెప్పలేదు.

మనకు భేతాళుడు ఉండగా ఇవెందుకమ్మా అని కూడా అడిగాను. చందమామలో శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ చూస్తూ పెరిగినవాణ్ణి నేను. "భేతాళుడు ప్రశ్న అడుగుతాడు, తెలిసీ జవాబు చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుందంటాడు. నాకు కాలేజీలో అది రోజూ ఉంది" అన్నది.

ప్రేమకథ అయితే అర్థం చేసుకునేవాడిని. ఇందులో ఉన్నది ఆకలి, అబద్ధాలు, చివర ఒక చావు. పుస్తకం లాక్కోవాలా అని నేను అడగడం లేదు. ఇందులో సుఖం ఎక్కడుందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ర్యాంకుముందు

సార్, పుస్తకం అటక మీద పెట్టండి, ఈఏపీసెట్ అయ్యాక దించండి. పిశాచాలకు చావు లేదు కదా, అప్పటిదాకా ఆగుతాయి.

అద్దెపుస్తకం

రాత్రిడ్యూటీ గారూ, నమస్కారం. నల్లకుంటలో మా వారూ నేనూ చాలాకాలం అద్దె పుస్తకాల దుకాణం నడిపాము. 1980లలో వారపత్రికల నిండా క్షుద్రవిద్యల సీరియళ్ళు వస్తున్న రోజులు. బొమ్మలకు సూదులు గుచ్చడం, నిమ్మకాయలు, అమావాస్య, శ్మశానం. ఆ నవలలు దుకాణంలో ఒక పూట కూడా నిలిచేవి కావు. పొద్దున్న ఒక తల్లి వచ్చి "మా పిల్లకు ఇటువంటివి ఇస్తారా, రాత్రంతా దీపం ఆర్పనివ్వలేదు" అని నన్ను నాలుగు దులిపేది. మధ్యాహ్నం ఆవిడే వచ్చి, అటూ ఇటూ చూసి, రెండో భాగం ఉందా అని అడిగేది. కాబట్టి భయం కోసం చదవడం మీ అమ్మాయితో మొదలు కాలేదు.

అయితే ఈ రక్తపిశాచాల కథల్లో మన క్షుద్ర నవలల్లో లేని నియమం ఒకటి ఉంది. నాకు తోచినంతవరకు పిల్లలను పట్టి ఉంచేది అదే. పిలవనిదే పిశాచం గడప దాటడానికి వీల్లేదు. 1897లో వచ్చిన డ్రాకులా అనే ఇంగ్లీషు నవలలో ఈ మాట స్పష్టంగా ఉంది: ఇంటివాళ్ళు ఎవరో ఒకరు మొదట రమ్మంటేనే లోపలికి రాగలడు, ఆ తరువాత ఎప్పుడు కావాలంటే అప్పుడు రాగలడు. తరువాతి రచయితల్లో చాలామంది సూర్యరశ్మినీ వెల్లుల్లినీ ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నారు కానీ, గడప నియమాన్ని మాత్రం వాళ్ళలో పలువురు భద్రంగా ఉంచుకున్నారు. అన్నట్టు, ఎండ తగిలితే పిశాచం చస్తుందన్నది డ్రాకులా నవలలో లేదు, అందులో అతను పగలు కూడా తిరుగుతాడు, శక్తి తగ్గుతుంది, అంతే. ఎండకు చావడం 1922లో జర్మనీలో తీసిన ఒక మూకీ సినిమాతో స్థిరపడింది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయి గదికి తలుపు ఉందా? ఉంటే లోపల గడియ వేసుకోనిస్తారా? మన ఇళ్ళలో ఆ వయసు పిల్ల గదిలోకి రానివాళ్ళు ఎవరు? అమ్మ ఆరిన బట్టలతో వస్తుంది, నాన్న చార్జర్ కోసం వస్తారు, మేనత్త పిల్ల ఎంత చిక్కిందో చూడటానికి వస్తుంది, పక్కింటావిడ ఇన్వర్టర్ ఫ్యాను గాలికి వచ్చి మంచం మీదే కూర్చుంటుంది. తట్టి వచ్చేవాళ్ళు లేరు. మరి అటువంటి పుస్తకాల్లో గోడలెక్కగలిగినవాడు, మనిషి మెడ విరవగలిగినవాడు, ఆ పిల్ల "రా" అనేదాకా కిటికీ అవతల నిలబడాలి. వాడు ఎంత దుర్మార్గుడైనా సరే. ఆ ఒక్క "రా" ఆమె చేతిలో ఉంది.

మన దగ్గరా గడప కథ లేకపోలేదు. రాత్రి తెలిసినవాళ్ళ గొంతుతో పిలిచే ఆడదయ్యం వస్తుందని "ఓ స్త్రీ రేపు రా" అని తలుపుల మీద రాసుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మా వీధిలో సుద్దముక్కలకు గిరాకీ వచ్చింది. ఆ దయ్యం మంచిదండీ, చదువు వచ్చినది, పైగా మాట మీద నిలబడేది. రేపు రమ్మని చదివితే వెళ్ళిపోయి, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుని పోయేది. కానీ ఆ రాత రాసింది ఇంటి పెద్దలు. ఆడపిల్లను అడిగి రాయలేదు.

ఒక విషయం తండ్రిగా మీకు నచ్చవచ్చు, నచ్చకపోనూవచ్చు. డ్రాకులా కంటే పాతికేళ్ళ ముందే, 1872లో, ఐర్లాండు రచయిత షెరిడన్ లె ఫాను కార్మిల్లా అనే కథ పుస్తకంగా తెచ్చాడు. అందులో పిశాచమూ అమ్మాయే, దాని బారిన పడేదీ అమ్మాయే. బండి బోల్తా పడి స్పృహ తప్పిన కొత్త పిల్లను మన ఇంట్లో ఉంచుకుందామని కూతురు తండ్రి చొక్కా చేయి పట్టి లాగి బతిమాలుతుంది. తండ్రి పెద్దమనిషి తరహాగా వెళ్ళి ఆహ్వానిస్తాడు. పిశాచాన్ని గడప దాటించినది ఆయనే. ఆ తరువాత కూతురు పాలిపోతుంటే డాక్టరును పిలిపిస్తాడు.

మూడువారాలు

అట్ట నలుపు, అంచులూ నలుపే, ఎలుకలు, చివర స్నేహితురాలు. ఆ నవల ఏదో నాకు తెలిసిపోయింది, నా దగ్గర ఉంది. మాట్లాడే హక్కు నాకు అందరికంటే కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

నాకు బీటా థలసీమియా మేజర్, ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారు కాని పుట్టుజబ్బు. ఏడాది నిండక ముందు నుంచీ ఇతరుల రక్తం మీద బతుకుతున్నాను. మూడు వారాలకు ఒకసారి శివరాంపల్లిలో థలసీమియా కేంద్రానికి వెళ్ళి, పడుకుని, రెండు సంచీలు ఎక్కించుకుని ఇంటికి వస్తాను. మెడ బదులు చేతి నరం, రాత్రి బదులు పగలు, మిగతాదంతా నవలే. సర్టిఫికెట్ ఉన్న పిశాచాన్ని నేను.

రాత్రిడ్యూటీ గారూ, మీరు సంచీ ఇచ్చి పంపించేస్తారు కాబట్టి అవతలి ఒడ్డున ఏమి జరుగుతుందో చెబుతాను. మూడో వారం వచ్చేసరికి హిమోగ్లోబిన్ 9 దగ్గరికి జారుతుంది. మెట్రో స్టేషన్ మెట్లు సగం ఎక్కి, ఫోను చూస్తున్నట్టు నటిస్తూ ఆగుతాను. చెవుల్లో హోరు మొదలవుతుంది. అరచేతులు కాగితం రంగుకు వస్తాయి. ఒకసారి బంధువుల పెళ్ళిలో ఒకావిడ నన్ను పక్కకు పిలిచి "బాగా తెల్లబడ్డావు, ఏ క్రీము వాడుతున్నావు" అని అడిగింది. ఆ రోజు నాకు కావలసింది క్రీము కాదు, బి పాజిటివ్. ఎక్కించుకున్న సాయంత్రానికి హోరు తగ్గుతుంది. వీధి చివర హోటల్లో ఉల్లిపాయలు వేగుతున్న వాసన తెలుస్తుంది. అద్దంలో చూసుకుంటే పెదవులకు రంగు ఉంటుంది. కొరికిన తరువాత కళ్ళు మెరిశాయి, బుగ్గలు ఎరుపెక్కాయి అని ఈ నవలల్లో రాస్తారు చూడండి, అది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకది పోయిన మంగళవారం.

మీలాగే నాకూ ఒక సాంకేతిక అభ్యంతరం ఉంది. ఒక్కో సంచీతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. అందుకే మాకు రక్తం ఎంత ముఖ్యమో ఇనుము తీసే మందూ అంతే ముఖ్యం. ఇప్పుడు నాకు మాత్రలు ఉన్నాయి. చిన్నప్పుడు రాత్రి పడుకునే ముందు పొట్ట మీద చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపు తగిలించేవారు, తెల్లవారేదాకా మందు చుక్కచుక్కగా దిగేది. ఒక పక్కకు తిరిగి పడుకోవాలి, నిద్ర రాదు, కాబట్టి పుస్తకం. మూడు వందల ఏళ్ళుగా రక్తం తాగుతున్న ఆ అందగాడికి, ఒంట్లో ఇనుము నిలవ ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే ఎంత వస్తుందో అని ఆ పంపు పెట్టుకునే లెక్కలు కట్టేదాన్ని. ఎండ అవసరం లేదు, మొదటి ఇరవై ఏళ్ళలోనే గుండె ఆగాలి వాడికి.

ఇక మీ ప్రశ్న. సుఖం ఎక్కడుంది?

జబ్బు ఉన్న పిల్లల గురించి పెద్దలు రాసిన పుస్తకాలు నాకు బోలెడన్ని బహుమతిగా వచ్చాయి. అన్నిటిలోనూ ఆ పిల్ల నవ్వుతూ ఉంటుంది. ధైర్యంగా ఉంటుంది. చుట్టూ ఉన్న ఆరోగ్యవంతులకు జీవితం విలువ నేర్పి, వీలైతే చివర్లో పోతుంది. నేను ఎవరికీ ఏమీ నేర్పదలచుకోలేదు. ఈ నల్ల అట్ట నవలలో ఆ అమ్మాయిని ఎవరూ ధైర్యవంతురాలు అనరు. ఆకలి వేస్తే కోపంగా ఉంటుంది. అబద్ధాలు చెబుతుంది. మిగతావాళ్ళు మామూలుగా టిఫిన్ తింటుంటే అసూయతో చూస్తుంది. ఇంకెన్ని రోజులు ఓర్చుకోగలనా అని లెక్క వేసుకుంటుంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు అటువంటి అమ్మాయి ఒక పుస్తకంలో కనిపించడం ఎంత ఊరటో చెప్పలేను. చీకటి పుస్తకం అంటారు దాన్ని. అందులో నాకు వెలుతురు కావాల్సిన అవసరమే రాలేదు.

మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదు, ఉండకూడదు. కానీ పదహారేళ్ళ వయసులో ఒళ్ళు తనకు తెలియకుండా మారుతుంది, కోపాలు ఎక్కడి నుంచో వస్తాయి, ఇంట్లో అందరూ "ఎందుకలా ఉన్నావు" అంటారు. ఆకలి ఆ అమ్మాయి ఎంచుకున్నది కాదు, ఆకలితో ఏమి చేస్తుందన్నది మాత్రం ఆమె చేతిలో ఉంది. ఆ నవల మూడు వందల పేజీల పొడుగునా నడిచేది ఆ చిన్న జాగాలోనే. ఎలుకతో సరిపెట్టుకోవాలా, అడగాలా, అడగకుండా తీసుకోవాలా?

అద్దెపుస్తకం గారు గడప అన్నారు. నా గడప వేరు. నా ఒంట్లోకి వచ్చినదంతా ఎవరో అడిగితే ఇచ్చినదే. ఏదో కాలేజీలో, ఏదో ఆఫీసు శిబిరంలో, ఎవరో బంతి నొక్కుతూ పడుకుని, బిస్కెట్లు తిని, మామిడి రసం తాగి వెళ్ళిపోయారు. వాళ్ళ పేరు నాకు తెలియదు, నా పేరు వాళ్ళకు తెలియదు. నాకు ఈ నవలల్లో అసలు భయం పుట్టించే ఘట్టం కోరలు కాదు, అడగకుండా తీసుకునే క్షణం. నేను అడిగి తీసుకున్న పిశాచాన్ని కాబట్టి ఆ తేడా నాకు ఒంట్లో తెలుసు. వేసవిలో కాలేజీలకు సెలవులు ఇస్తారు, శిబిరాలు తగ్గుతాయి, మీ ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. మే నెలలో మా నాన్న ఫోను చెవికి ఆనించుకుని వసారాలో పచార్లు చేసేవారు. ఆకలి అధ్యాయం ఎప్పుడు చదివినా నాకు ఆ వసారా కనిపిస్తుంది.

ఒక సలహా. మీ అమ్మాయిని "ఎందుకు చదువుతున్నావు" అని అడగకండి, అది వైవా అవుతుంది. "చివరి అధ్యాయంలో నీకు ఎవరి మీద కోపం వచ్చింది" అని అడిగి చూడండి.

ఆఖరిబెంచీ

రాత్రిడ్యూటీ అంకుల్, నేను కోఠిలో డిగ్రీ, ఇంగ్లీషు సాహిత్యం. అద్దెపుస్తకం ఆంటీ గడప సిద్ధాంతం నాకు నచ్చింది, కానీ దానితో పేచీ కూడా ఉంది. ఆ నియమాన్ని తీపి ప్రేమకథల వాంపైర్ నవలలు ఎప్పుడో నీరుగార్చాయి. వాటిలో వందేళ్ళు దాటిన మగవాడు స్కూలు పిల్లగాడిలా వేషం వేసుకుని, అమ్మాయి నిద్రపోతుంటే రాత్రంతా చూస్తూ నిలబడతాడు. దాన్ని ప్రేమ అంటారు. మన కాలనీలో ఎవడైనా అలా నిలబడితే షీ టీమ్ పోలీసులకు ఫోను చేస్తాము. చీకటి నవలల్లో అదే పని చేసినవాడిని వేటగాడు అనే అంటారు. అందుకే నాకు అవే ఎక్కువ నిజాయితీగా కనిపిస్తాయి. మీ అమ్మాయి చీకటి రకం ఎంచుకుంది కాబట్టి నేనైతే నిశ్చింతగా ఉంటాను.

రెండోది కోపం. వాంపైర్ అనగానే గుర్తొచ్చే ఆ అందమైన, డబ్బున్న, చల్లని మగవాడు ఎక్కడ పుట్టాడో తెలుసా? 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో. అంతకు ముందు సంవత్సరం ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిదతో యూరప్‌లో వేసవే సరిగ్గా రాలేదు, అంతా వాన. ఇంట్లో ఇరుక్కున్న కవులు దయ్యాల కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. కవి బైరన్ వెంట జీతానికి వచ్చిన డాక్టరు పొలిడోరి, అప్పటికి ఇరవై ఏళ్ళవాడు, బైరన్‌కు లోకువ. ఆ తరువాత ఆ కుర్రాడు రాసిన కథలో పిశాచం అచ్చం బైరన్ లాంటి ప్రభువు: అందరినీ ఆకట్టుకుంటాడు, పక్కనున్నవాళ్ళను పీల్చి పిప్పి చేస్తాడు. అన్యాయం చూడండి, 1819లో ఆ కథ పత్రికలో వచ్చినప్పుడు బైరన్ పేరు మీదే అచ్చు వేశారు. అంటే ఈ కథలు పెద్దల మీద ఒళ్ళు మండిన ఒక కుర్రాడి కలం నుంచి వచ్చినవే. కుర్రాళ్ళు చదవడంలో వింత ఏముంది?

అమరత్వం మాట కూడా చెబుతాను. పిల్లలకు చావు లేకపోవడం నచ్చుతుందని పెద్దలు అనుకుంటారు. ఆ నవలలో అమ్మాయి ఎప్పటికీ పదిహేడేళ్ళ దగ్గరే ఆగిపోతుంది అంకుల్. శాశ్వతంగా ఇంటర్ రెండో సంవత్సరం. నేను అక్కడి నుంచి బయటపడి ఏడాది కూడా కాలేదు, ఆ పేజీ చదివినప్పుడు చేతులు చల్లబడ్డాయి.

ర్యాంకుముందు

ఇంగ్లీషు బాగుపడుతుందంటే సరే, రోజుకు పది పేజీలు.

రాత్రిడ్యూటీ

అందరికీ ధన్యవాదాలు. మూడువారాలు గారూ, మీరు రాసినది డ్యూటీలో మా వాళ్ళకు చదివి వినిపించాను. సంచీ కిటికీ దాటి వెళ్ళాక దాని సంగతి మాకు ఎవరూ చెప్పరు, ఏదైనా రియాక్షన్ వస్తే తప్ప.

అద్దెపుస్తకం గారు చెప్పారని డ్రాకులా తెప్పించుకుని చదివాను. ఎవరూ నాకు చెప్పని విషయం ఒకటి అందులో ఉంది: రక్తం ఎక్కించడం! లూసీ అనే అమ్మాయి రోజురోజుకూ పాలిపోతుంటే నలుగురు మగవాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఆమెకు రక్తం ఇస్తారు. గ్రూపు లేదు, క్రాస్ మ్యాచ్ లేదు. ఆ నవల 1897లో వచ్చింది, ఆస్ట్రియా శాస్త్రవేత్త లాండ్‌స్టీనర్ రక్తం గ్రూపుల సంగతి ప్రకటించింది 1901లో. లూసీది ఏ గ్రూపు రక్తమైనా దాదాపు సరిపడే ఏబీ అయి ఉంటే తప్ప, నలుగురిలో ఏ ఒక్కరి గ్రూపు కుదరకపోయినా పిశాచానికి పని లేకుండానే ఆమె పోయే ప్రమాదం ఉండేది. డాక్టర్లే ఆమె ప్రాణం మీదికి తెచ్చారనడానికి నేను కోర్టులో సాక్ష్యం చెప్పగలను. ఇంకొకటి గమనించాను. ఇచ్చిన నలుగురూ మేము ఇస్తాము, మేము ఇస్తాము అని ముందుకు వస్తారు. తీసుకుంటున్న ఆ పిల్లను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

సలహా ప్రకారం మా అమ్మాయిని అడిగాను, చివరి అధ్యాయంలో ఎవరి మీద కోపం వచ్చిందని. పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, పేజీ తీసి, స్నేహితురాలు మణికట్టు చాపే చోటు చూపించింది. ఆ స్నేహితురాలు "సరే" అన్నదా, అనలేదా? రచయిత్రి రాయలేదు. చెయ్యి చాపింది అని మాత్రమే రాసింది. చాపడమే సమ్మతి అని మా అమ్మాయి వాదన. ఇష్టపడి ఇచ్చినదాన్ని తీసుకుంటే హత్య ఎలా అవుతుందని అడిగింది.

ఇది మాత్రం నా సబ్జెక్టు. మా దగ్గర దాత చెయ్యి చాపితే చాలదు, ఫారం చదవాలి, సంతకం పెట్టాలి. పక్కన ఎవరూ లేకుండా కూర్చోబెట్టి, ఎవరి బలవంతం మీదనైనా వచ్చారా అని మాట్లాడతాము. స్నేహితుల మాట కాదనలేక వచ్చి, ముఖంలో బెదురు కనిపించేవాళ్ళను నేనే వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి. పైగా ప్రాణం పోయేంత ఇస్తానని ఎవరు సంతకం పెట్టినా ఆ కాగితం చెల్లదు. అన్నిటికంటే ముఖ్యం, స్నేహితురాలికి పదిహేడేళ్ళు. పద్దెనిమిది నిండనివాళ్ళ రక్తం మేము తీసుకోము, సమ్మతి అన్న ప్రశ్నే రాదు. కేసు కొట్టివేయబడింది అన్నాను.

మా అమ్మాయి కాసేపు ఆలోచించింది. వాళ్ళ అమ్మ పడుకోమని రెండుసార్లు కేకేసింది, ఇద్దరమూ పలకలేదు.

"రెండో భాగంలో ఆమెకు పద్దెనిమిది నిండుతుందేమో" అన్నది చివరికి.

చచ్చిపోయింది కదమ్మా అన్నాను.

"నాన్నా, ఇది వాంపైర్ నవల."

ఆ మాట నాకు తోచనేలేదు. ఇప్పుడు ఆ రెండో భాగం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. మా అమ్మాయి కోసమే అడుగుతున్నానని రాయబోయి ఆగాను. మా డ్యూటీలో ఉన్న ఇంకో ఇద్దరు కూడా ఇప్పుడు మొదటి భాగం చదువుతున్నారు.

అద్దెపుస్తకం

పాత పుస్తకాల వాళ్ళ దగ్గర రెండో భాగాలు విడిగా దొరకడం కష్టమండీ, మొదటిది అమ్మేసినవాళ్ళు రెండోది కొని ఉండరు. డిసెంబరు పుస్తక ప్రదర్శనలో ఇంగ్లీషు స్టాళ్ళలో కిలో లెక్కన పోసి అమ్మే చోట వెతకండి. మూడువారాలు తల్లీ, నీ దగ్గర ఉన్నదేమిటి, ఒకటా రెండా?

మూడువారాలు

రెండూ ఉన్నాయి అమ్మా. రాత్రిడ్యూటీ గారికి విడిగా సందేశం పంపాను, రెండో భాగం ఇస్తాను. స్నేహితురాలి సంగతి అడగవద్దు, చెప్పను. షరతు ఒకటే, పెళ్ళిళ్ళ సీజన్ మొదలయ్యేలోగా తిరిగి ఇవ్వాలి. నలభయ్యో పేజీలో కాఫీ మరక నాది. వెనక అట్ట మీద పళ్ళ గాట్లు మా తమ్ముడివి, అప్పుడు వాడికి రెండేళ్ళు.